యాదగిరి అడిగిన లెక్క

మా లింగంపల్లి కాలనీలో ఇంజనీరింగు పూర్తిచేసిన పిల్లలు సాయంత్రం నడకలో నన్ను పట్టుకుని ఒకటే అడుగుతారు. "ఆంటీ, మెషిన్ లెర్నింగుకి ఏ కోర్సు చూడమంటారు? తొందరగా అయిపోయేది చెప్పండి." తొందరగా అయిపోయేది అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోతుంది. పిల్లల మీద కాదు. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. యాభై రెండేళ్ళ వయసులో, బుద్ధి ఉండాల్సిన వయసులో అన్నాను. దాని దెబ్బ నాకు తగల్లేదు, ఒక కారు డ్రైవరుకి తగిలింది.

అందుకే ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేరులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం హైటెక్ సిటీలోనే. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు, అవన్నీ మీకు అనవసరం. నా ఉద్యోగంలో నాకు నిజంగా ఏదైనా తెలిసింది అంటే అది ఒక్క తప్పు వల్ల తెలిసింది. ఆ తప్పు గురించి చెబుతాను.

ఒకటిన్నర వేగం

నేను మొదటినుంచీ టెస్టింగు మనిషిని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా పని. అందులో నాకు మంచి పేరే ఉండేది. ఒక ఏడాది ఉన్నట్టుండి ఆఫీసులో గాలి మారింది. మెషిన్ లెర్నింగు రానివాళ్ళని ఇంటికి పంపిస్తారట అని ఒకరు, లేదు వచ్చిన వాళ్ళనీ పంపిస్తారట అని ఇంకొకరు. అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆన్‌లైన్ పాఠాల మీద పడ్డారు. నేనూ పడ్డాను.

నేను ఎంచుకున్నది బేసియన్ ప్రాబబిలిటీ. పది వారాల కోర్సు. ఎక్కడో విదేశంలో ఉండే ఒక పెద్దాయన నల్లబల్ల మీద సుద్దముక్కతో నిదానంగా చెప్పేవాడు. విషయం చెప్పుకుంటే చిన్నదే. ఏ సంగతి గురించైనా మనకు ముందే ఒక అంచనా ఉంటుంది. దాన్ని ప్రయర్ అంటారు. కొత్త ఆధారం ఒకటి కనబడితే ఆ అంచనాను ఎంత మార్చుకోవాలో లెక్కగట్టి చెప్పేది బేస్ సూత్రం. అంతే. కానీ ఆ అంతే దగ్గరే మనుషులు బోర్లా పడతారు.

లింగంపల్లి నుంచి హైటెక్ సిటీకి ఎమ్ఎమ్‌టీఎస్ రైల్లో పావుగంట. ఆ పావుగంటలో నేను ఒక పాఠం చూసేసేదాన్ని. ఆయన నిదానం నాకు విసుగు. వేగం ఒకటిన్నర రెట్లకు పెట్టేదాన్ని. పక్కన నిలబడ్డ కుర్రాళ్ళు రెండు రెట్లలో చూస్తుంటే వాళ్ళని చూసి ఈర్ష్య పడేదాన్ని. మూడో వారంలో ఆయన బల్ల మీద ఒక లెక్క రాసి, "ఇక్కడ వీడియో ఆపండి. కాగితం తీసుకుని మీ చేత్తో చెయ్యండి. చెయ్యకుండా ముందుకు రావద్దు" అన్నాడు. రైల్లో కాగితం ఎక్కడ తీస్తాను? ఆపలేదు. అంత పెద్దాయన బతిమాలినట్టు చెప్పినా ఆపలేదు.

మరి పరీక్షలో జవాబులు ఎలా రాశావు అంటారా? ఆఫీసులో ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ప్రతి వారం క్విజ్ జవాబులు అందులో తిరిగేవి. ఒకటికి బి, రెండుకి డి. నేను ఎత్తి రాశాను. తొంభై ఎనిమిది మార్కులు వచ్చాయి. సర్టిఫికెట్టు ప్రింటు తీసి గోడకి అంటించారు, కేకు కోశారు, ఫొటో తీసి ఇంటర్నెట్టులో పెట్టారు. ఆ కేకు ముక్క నోట్లో పెట్టుకుని నేను నవ్విన నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పాతికేళ్ళు ఇతరుల తప్పులు పట్టినదాన్ని, నా చదువుని ఒక్కసారి కూడా పరీక్షించుకోలేదు.

డబ్బా

అప్పట్లో మా చిన్న కంపెనీ ఒక పరికరం తయారుచేసేది. అరచేతిలో పట్టే నల్ల డబ్బా. ఆఫీసు క్యాబుల్లో స్టీరింగు ముందు బిగిస్తారు. అందులో కెమెరా డ్రైవరు కళ్ళనే చూస్తుంటుంది. రెప్పలు వాలాయనుకుంటే కీచుమని మోగుతుంది. ఆ పది సెకన్ల వీడియో దాచి, ట్రాన్స్‌పోర్టు విభాగానికి కబురు పంపుతుంది. హైటెక్ సిటీలోనే ఉన్న ఒక పెద్ద కంపెనీ తమ క్యాబులన్నిటికీ ఇవి పెట్టించుకుంది.

మా బాసు సందీప్. నాకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు. చురుకైనవాడు, మర్యాదస్తుడు, మాట పూర్తికాకముందే జవాబు చెప్పే మనిషి. నా సర్టిఫికెట్టు చూసి, "సుగుణ గారూ, ఈ డబ్బా ఎంత కరెక్టో ఒక రిపోర్టు మీరే రాయండి. ప్రాబబిలిటీ మీ సబ్జెక్టు కదా" అన్నాడు. నా సబ్జెక్టట. నేనూ తలాడించాను.

పరీక్షల వివరాలు నా దగ్గరున్నాయి. నిద్రమత్తులో ఉన్న నూరు మందిని కూర్చోబెడితే డబ్బా తొంభై అయిదు మందిని పట్టుకుంది. మెలకువగా ఉన్న నూరు మందిని కూర్చోబెడితే తొంభై అయిదు మంది విషయంలో నోరు మూసుకుని ఊరుకుంది. ఇది చూసి నేను రిపోర్టులో ఒక్క వాక్యం రాశాను. "అలారం మోగితే, ఆ డ్రైవరు నిద్రమత్తులో ఉండే అవకాశం నూటికి తొంభై అయిదు." సందీప్ దాన్ని లావు అక్షరాల్లో పెట్టాడు. ఆ వాక్యం చూసుకుని ఆ పెద్ద కంపెనీవాళ్ళు ఒక నిబంధన పెట్టారు. నెలలో మూడుసార్లు మోగితే డ్రైవరుని తీసెయ్యడమే.

నేను రాసిన వాక్యం తప్పు. కొంచెం తప్పు కాదు, తలకిందులు తప్పు. నిద్రపోతే మోగడం వేరు, మోగితే నిద్రపోయి ఉండటం వేరు. మూడో వారం లెక్క అచ్చంగా ఇదే.

పార్కింగు పక్క గది

ఒక చలికాలం ఉదయం నన్నూ సందీప్‌నీ ఆ కంపెనీకి పిలిపించారు. కింద పార్కింగు పక్కన ట్రాన్స్‌పోర్టు వాళ్ళ గది. ఒక డ్రైవరు ఒప్పుకోవడం లేదు, మీరొచ్చి యంత్రం సంగతి చెప్పండి అన్నారు. అతని పేరు యాదగిరి. ఉండేది బాచుపల్లి. తొమ్మిదేళ్ళుగా చందానగర్, లింగంపల్లి వైపు ఉద్యోగుల్ని పొద్దున ఎక్కించుకుని హైటెక్ సిటీలో దింపుతున్నాడు. ఒక్క గీత పడలేదు బండికి. ఆ నెల మూడుసార్లు మోగింది.

"సారు, నేను పండలే" అన్నాడు సందీప్‌తో, నిద్రపోలేదని. "పొద్దుగాల గా రోడ్డు మీద ఎండ సీదా కండ్లల్ల కొడ్తది. గప్పుడు కండ్లు జర చిన్నగ చేస్త. గంతే."

సందీప్ నా వైపు చూశాడు. "మేడం, మీరు చెప్పండి."

నా ముందు ల్యాప్‌టాప్ ఉంది. అందులో మూడు ఎర్ర గీతలు, వాటి పక్కన తేదీలు. "ఈ యంత్రం నూటికి తొంభై అయిదు సార్లు నిజమే చెబుతుంది యాదగిరీ. నీకు ఒకసారి కాదు, మూడుసార్లు మోగింది" అన్నాను.

అతను నెమ్మదిగా అడిగాడు. "మేడం, ఒక్కటి చెప్పుండ్రి. అందరి బండ్లల్ల కలిపి ఈ డబ్బా నెలకు ఎన్నిసార్లు మోగింది? మోగినవాట్ల ఎంతమంది నిజంగ పండిన్రు? గా లెక్క ఉన్నదా మీ తాన?"

"అది వేరే లెక్క" అన్నాను.

ఎవరి దగ్గరా ఏ పాఠమూ వినని మనిషి అసలు ప్రశ్న అడిగాడు. పది వారాలు విన్న మహా మేధావిని నేను, వేరే లెక్క అన్నాను. అతని మెడలో ఐడీ కార్డు తీయించుకున్నారు. తీసిచ్చేముందు అతను ఒక్కమాటే అన్నాడు. "పనివోతే ఇంకొకటి దొరుకుతది సారు. గని పండే డ్రైవరు అని పేరు పడితే, ఈ రోడ్డు మీద నాకు బండి ఎవ్వరియ్యరు."

అది ఉత్త మాట కాదు. తీసేసిన డ్రైవర్ల జాబితా క్యాబులు నడిపేవాళ్ళందరి దగ్గరా తిరుగుతుంది. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆదివారం భోజనం

మా ఆయన ప్రభాకర్ దవాఖానాలో ల్యాబు టెక్నీషియను. యాదగిరిని తీసేసిన మూడు వారాలకు, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనం చేస్తున్నాం. ఆ వారం ల్యాబులో ఒకావిడ రక్త పరీక్ష మొదటిసారి పాజిటివ్ వచ్చిందనీ, రెండోసారి ఇంకో పద్ధతిలో చేస్తే ఏమీ లేదని తేలిందనీ చెబుతున్నారు.

"అదేంటండీ, కొత్త మిషను చాలా మంచిదన్నారుగా?" అన్నాను.

"మంచిదే సుగుణా. కానీ పరీక్షకి వచ్చేవాళ్ళలో ఆ జబ్బు నిజంగా ఉన్నవాళ్ళు ఎంతమంది? ఏ వెయ్యిమందిలోనో ఒకరిద్దరు. మిగతా అంతమందిలో మిషను అప్పుడప్పుడూ పొరపాటు పడినా, ఆ పొరపాట్లే నిజమైనవాటికంటే ఎక్కువైపోతాయి. అందుకే మొదటి పాజిటివ్ చూసి మేం ఎవరికీ నోరు విప్పం. విప్పితే వాళ్ళ బతుకేం కావాలి?"

ముద్ద కంచంలోనే వదిలేసి లేచాను. చెయ్యి కడుక్కుని, గోడ మీది పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి వెనక్కి తిప్పాను. పెన్నుతో రాశాను. వెయ్యి ట్రిప్పులు అనుకుందాం. డ్రైవరు నిజంగా తూగేవి అయిదు అనుకుందాం, అదీ ఎక్కువే. ఆ అయిదింటినీ డబ్బా పట్టుకుందనుకుందాం. మిగిలిన తొమ్మిది వందల తొంభై అయిదు ట్రిప్పుల్లో డ్రైవర్లు మెలకువగానే ఉన్నారు. కానీ నూటికి అయిదు చొప్పున డబ్బా ఊరికే మోగుతుంది. అంటే దాదాపు యాభై. మొత్తం మోగినవి యాభై అయిదు. నిజమైనవి అయిదు. పదకొండింటిలో ఒకటి. తొంభై అయిదు శాతమని నేను రాసింది నిజానికి నూటికి తొమ్మిది.

ఆ మధ్యాహ్నమే మూడో వారం పాఠం మళ్ళీ తెరిచాను. మామూలు వేగంలో పెట్టాను. పెద్దాయన ఆపమన్నచోట ఆపాను. బల్ల మీద ఉన్నది ఇదే లెక్క. డబ్బా బదులు రోగం, అంతే తేడా. ఆయన ఎప్పుడో చెప్పాడు, నేనే దాటేసి పోయాను.

సోమవారం ఆఫీసుకి పోయి ఇంకో పని చేశాను. డబ్బా మోగినప్పుడల్లా దాచిన వీడియోలు ఉంటాయన్నానుగా. వాటిని అప్పటిదాకా ఎవరూ తెరవలేదు. తొంభై అయిదు శాతం అని రాసి ఉంటే ఇంక తెరవడమెందుకు? యాదగిరివి మూడు. ఒక్కొక్కటి పది సెకన్లు. మొదటి రెండింటిలో ఎండ మొహాన పడి కళ్ళు చికిలిస్తున్నాడు. మూడోదాంట్లో వెనక సీటువాళ్ళు ఏదో అంటే నవ్వుతున్నాడు. మూడూ ఏడింటికీ ఎనిమిదింటికీ మధ్యనే, తూర్పు ముఖంగా వస్తున్నప్పుడే.

మూడు పదులు, అర నిమిషం. పది వారాల కోర్సుకి తీరిక దొరికిన నాకు, ఆ గదిలోకి పోయేముందు అర నిమిషం తీరిక దొరకలేదు.

సందీప్

క్యాలెండరు కాగితం, వీడియోలు పట్టుకుని సందీప్ దగ్గరికి పోయాను. అంతా విన్నాడు. "మీ లెక్క ఓకే అండీ. కానీ అతనికి మూడుసార్లు మోగింది కదా. మూడు కలిస్తే ప్రాబబిలిటీ పెరగాలిగా?" అన్నాడు. తెలివైన ప్రశ్నే.

"మూడుసార్లూ అదే రోడ్డు, అదే టైము, అదే ఎండ సందీప్. ఒకే సాక్షిని మూడుసార్లు పిలిస్తే ముగ్గురు సాక్షులు అయిపోరు."

కుర్చీలో వెనక్కి వాలాడు. "రిపోర్టు క్లయింటుకి వెళ్ళిపోయిందండీ. ఇప్పుడు మార్చితే మన పరువు పోతుంది. నెక్స్ట్ రిలీజులో ఎండ ప్రాబ్లం ఫిక్స్ చేసేద్దాం."

"ఈలోగా పోయిన డ్రైవర్లు?"

"ఇంకెక్కడో దొరుకుతుందిలెండి. హైదరాబాదులో డ్రైవరు పనికి కొరతా?"

ఆ అబ్బాయి దుర్మార్గుడు కాడు. అమ్మానాన్నల్ని బాగా చూసుకుంటాడు, ఆఫీసు ఆయమ్మ కొడుక్కి ఫీజు కట్టాడు. నా కోపం అందుకే ఇంకా ఎక్కువ. అతని వెనక గోడమీద నాకు వచ్చినలాంటి సర్టిఫికెట్టే, అతని పేరుతో, ఫ్రేములో వేలాడుతోంది. అతనూ మూడో వారంలో వీడియో ఆపి ఉండడు. తెలియని వాడికి తెలియదని తెలుస్తుంది. తెలిసినట్టు కాగితం ఇచ్చి కూర్చోబెడితే ఎవడి మాటా వినడు. ఈ ఐటీ కారిడారులో ఏ అద్దాల బిల్డింగు ఎక్కినా ఇలాంటి కాగితాలే గోడల నిండా, వాటి కింద ఇలాంటి నిర్ణయాలే.

ఇతరుల్ని తిట్టే ముందు నా సంగతి. ఆ రోజే ఆ కంపెనీకి రాయాల్సింది. తొమ్మిది రోజులు ఆగాను. రిటైరుమెంటు దగ్గర పడుతోంది, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. దాన్ని ఓర్పు అనీ, సమయం చూడటం అనీ పిలుచుకున్నాను. అది పిరికితనం. ఉద్యోగంలో చేరే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. తప్పు చెయ్యడం కంటే, తప్పని తెలిశాక గడిపే రోజులే మనిషిని చెడగొడతాయి.

పదో రోజు ఆ కంపెనీ ట్రాన్స్‌పోర్టు మేనేజరుకి మెయిల్ పెట్టాను. నా రిపోర్టులో నా వాక్యం తప్పు, ఇదీ లెక్క, ఇవీ వీడియోలు, ముందు ఇవి చూడండి అని. సందీప్‌కీ కాపీ పంపాను. అతను నాతో మాట్లాడటం మానేశాడు. నన్ను తిరిగి టెస్టింగులో పడేశారు. అది నాకు శిక్షే కాదు, నేను నిజంగా నేర్చుకున్న పని అదొక్కటే. ఆ కంపెనీవాళ్ళు మాత్రం వీడియోలు చూశారు. నిబంధన ఎత్తేశారు. మోగితే ముందు మనిషి చూడాలన్నారు. అప్పటిదాకా తీసేసిన ఆరుగురు డ్రైవర్లనీ రమ్మన్నారు. జాబితాలోంచి పేర్లు కొట్టేయించారు.

అయిదుగురు వచ్చారు.

ట్యాంకరు

రానివాడు యాదగిరి. ఫోను చేస్తే ఎత్తలేదట. ఆ కంపెనీ మేనేజరు దగ్గర చిరునామా తీసుకుని ఒక శనివారం పొద్దున బాచుపల్లి పోయాను. ఇంట్లోవాళ్ళు నీళ్ళ ట్యాంకర్లు నింపే బోరు దగ్గరకు పంపారు. జాబితాలో పేరు పడ్డాక క్యాబు ఎవరూ ఇవ్వలేదు. నీళ్ళ ట్యాంకరు తోలుతున్నాడు. పైన పైపు పెట్టి, కింద టైరు పక్కన నిలబడి ఉన్నాడు.

నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. నేను సంచిలోంచి క్యాలెండరు కాగితం తీశాను. "యాదగిరి గారూ, ఆ రోజు నేను చెప్పింది తప్పు. మీరు అడిగిన లెక్క చేసుకొచ్చాను" అన్నాను. వెయ్యి ట్రిప్పుల దగ్గర నుంచి చెప్పుకొచ్చాను. తడి చేతులు చొక్కాకి తుడుచుకుని కాగితం పట్టుకున్నాడు. రెండు నిమిషాలు పట్టలేదు అతనికి.

"అంటే పదకొండు సార్లు మోగితె ఒక్కటే నిజం."

"అంతే."

"నేను గదే గదా మేడం అడిగింది."

"అవును. మీరు అదే అడిగారు. నన్ను క్షమించండి. పేరు తీయించేశాను, పనికి రమ్మంటున్నారు. రండి."

అతను కాగితం మడిచి నాకు తిరిగిచ్చాడు. "రాను మేడం. కోపం గిట్ల ఏం లేదు. లెక్క సక్కగ చేసుకొని ఇంత దూరమొచ్చిన్రు, మంచిగైంది. మిగతోల్లకు పని దొరికింది, గదీ మంచిగైంది. గని ఒక మాట చెప్త, ఏమనుకోకుండ్రి. ఆ దినం మీరు లోపలికి రాకముందే నేను అబద్ధం చెప్తున్న అనుకున్నరు. డ్రైవర్లు పంటరు, దొరికినంక ఎండ అంటరు, గిట్ల మీకు ముందుగాలనే ఉండె. గా డబ్బా మీరు అనుకున్నదే చెప్పింది. గందుకే నమ్మిన్రు."

నీళ్ళు పొంగి టైరు మీద పడ్డాయి. అతను పైకెక్కి పైపు తీసి మూత బిగించాడు. "ఇగ పోవాలె మేడం, అపార్టుమెంటోల్లు ఎదురుజూస్తుంటరు" అని బండెక్కాడు.

లింగంపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ప్రయర్ అంటే సున్నాకీ ఒకటికీ మధ్య ఉండే ఒక అంకె అని నా నోట్సులో రాసుకున్నాను. అది నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఏ క్విజ్‌లోనూ అడగలేదు. నేను ముందే ఒకటి అనుకుని వచ్చానని యాదగిరి అన్నది తప్పని నాకు నేను నిరూపించుకుందామని, ఆ రోజు గదిలో అతని మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయాను. తెల్ల చొక్కా గుర్తుంది. బల్ల మీద పెట్టిన ఐడీ కార్డు గుర్తుంది. నా స్క్రీను మీద మూడు ఎర్ర గీతలు, వాటి తేదీలతో సహా గుర్తున్నాయి. మొహం గుర్తు లేదు. డ్రైవరు కళ్ళు చూసే యంత్రం మీద రిపోర్టు రాసినదాన్ని, ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళు ఒక్కసారీ చూడలేదు.